ఒడ్డుకు దారి

2023 జూలైలో విశాఖపట్నంలో ఒక గొడవ రేగింది. రుషికొండ బీచ్‌లో అడుగుపెట్టాలంటే మనిషికి 20 రూపాయల టికెట్టు పెడుతున్నారని వార్త బయటికొచ్చింది. శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు రుషికొండకు 2020లో దక్కింది. అది నిలవాలంటే ఇసుక ఊడ్వాలి, మరుగుదొడ్లు నడపాలి, ఈతకు దిగినవాళ్ళను కనిపెట్టుకుని ఉండే మనుషులను పెట్టాలి, వీటన్నిటికీ డబ్బు కావాలి అన్నది టికెట్టు పెట్టాలన్నవాళ్ళ మాట. విశాఖ జనం ఒప్పుకోలేదు. ఊరి సముద్రాన్ని చూడటానికి టికెట్టేమిటని నిలదీశారు. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గి, లోపలికి వెళ్ళడానికి రుసుమేమీ ఉండదని చెప్పింది.

ఇరవై రూపాయలు పెద్ద మొత్తమేమీ కాదు. బండి నిలపడానికి అంతకంటే ఎక్కువే ఇస్తాం. అయినా జనానికి అంత కోపం ఎందుకొచ్చింది? నీళ్ళూ నేలా కలిసే చోటుకు ఒక యజమాని ఉన్నాడనీ, అక్కడికి పోవడానికి అతని అనుమతి కావాలనీ ఆ టికెట్టు చెబుతోంది కనుక. ఆ కోపాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. ఒడ్డుకు యజమాని ఎవరన్న అదే ప్రశ్నను ఇవాళ సముద్రానికి రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న బొల్లారం నుంచి అడగబోతున్నాను.

నేను చెబుతున్నది రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాద్ బొల్లారం గురించి కాదు. సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరుకు ఈ పక్కన, మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు బారులు తీరిన పారిశ్రామికవాడ బొల్లారం. 2018లో మున్సిపాలిటీ అయింది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ రేకుల రూముల్లో అద్దెకుంటూ షిఫ్టుల్లో పనిచేస్తారు. వీళ్ళలో సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్ళున్నారు. ఆదివారం సాయంత్రం పిల్లలను తీసుకుని కాసేపు నీళ్ళ పక్కన కూర్చుందామంటే వీళ్ళు ఎక్కడికి పోవాలి?

నీళ్ళు లేక కాదు. బొల్లారంలోనే ఆసానికుంట ఉంది. కాస్త అటు కాజిపల్లి చెరువు, గండిగూడెం చెరువు, కిష్టారెడ్డిపేట చెరువు, ఇంకాస్త పోతే అమీన్‌పూర్ పెద్ద చెరువు. ఈ ప్రాంతానికి బీచ్ అంటే ఈ చెరువుల ఒడ్లే. హైదరాబాద్ శివార్లలో కొత్వాల్‌గూడ దగ్గర కృత్రిమ బీచ్ కడతామని 2025లో ప్రభుత్వం వైపు నుంచి మాట వచ్చింది. కడితే కట్టనివ్వండి. దేవుడిచ్చినవీ, మన పెద్దలు తవ్వించినవీ ఇన్ని ఒడ్లు చుట్టూ ఉండగా వాటి దగ్గరికి పోయే తోవ మూసుకుపోయిందే, దాని సంగతి ముందు తేలాలని నా పట్టుదల.

ఒడ్డు మీద అందరికీ హక్కు ఉందన్న ఆలోచన నిన్నమొన్నటిది కాదు. రోమన్ చక్రవర్తి జస్టీనియన్ 533లో తన న్యాయవేత్తల చేత ఒక ధర్మశాస్త్ర పాఠ్యగ్రంథం కూర్పించాడు. గాలి, పారే నీరు, సముద్రం, సముద్రపు ఒడ్డు ప్రకృతి సిద్ధంగానే అందరి ఉమ్మడి సొత్తని అందులో పెట్టారు. జాలరి వల ఆరేసుకోవడానికి ఒడ్డుకు పోతే ఎవరూ ఆపరాదన్నది అప్పటి నుంచీ ఉన్న నియమం.

ఆధునిక కాలంలో ఈ సూత్రానికి గట్టి పునాది పడింది మాత్రం సముద్రం దగ్గర కాదు, ఒక సరస్సు దగ్గర. అమెరికాలో షికాగో ఊరు మిషిగన్ సరస్సు ఒడ్డున ఉంది. 1869లో ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభ ఆ సరస్సు అడుగు నేలను, వెయ్యి ఎకరాలకు పైగా, ఒక రైల్వే కంపెనీకి రాసిచ్చేసింది. నాలుగేళ్ళకు తప్పు తెలుసుకుని ఆ చట్టాన్ని రద్దు చేసుకుంది. ఇచ్చింది ఎలా వెనక్కి తీసుకుంటారని కంపెనీ ఎదురు తిరగడంతో రాష్ట్రమే కోర్టుకెక్కింది. 1892లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: సరస్సు నేల ప్రభుత్వం చేతిలో ఉన్నది ప్రజల తరఫున ధర్మకర్తగానే, అమ్ముకునే ఆస్తిగా కాదు, కాబట్టి ఆ ధర్మకర్తృత్వాన్ని వదిలించుకునే అధికారం శాసనసభకు కూడా లేదు. మనవాళ్ళకు ధర్మకర్త అన్న మాట విడమరిచి చెప్పనక్కరలేదు. గుడి మాన్యం అమ్ముకున్న ధర్మకర్తను ఊరు ఏమంటుందో అందరికీ తెలుసు.

న్యూజెర్సీ సంగతి కూడా చెప్పాలి, మన తెలుగువాళ్ళు అక్కడ వేల సంఖ్యలో ఉన్నారు కనుక. ఆ రాష్ట్రంలో ఏవన్ బై ది సీ అనే చిన్న తీరపట్నం ఉంది. తన ఊరి వాళ్ళకు ఒక రేటు, పొరుగూరి నుంచి వచ్చేవాళ్ళకు అంతకంటే ఎక్కువ రేటు పెట్టి బీచ్ టికెట్లు అమ్మింది. పొరుగున ఉన్న నెప్ట్యూన్ సిటీ దావా వేసింది. 1972లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు పొరుగూరి పక్షాన తీర్పిచ్చింది. ఖర్చుల కోసం రుసుము పెట్టొచ్చు, కానీ ఊరివాడనీ బయటివాడనీ తేడా చూపకూడదంది. పన్నెండేళ్ళ తర్వాత, 1984లో, బే హెడ్ అనే మరో పట్నం కేసులో అదే కోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ తడి ఇసుక ప్రజలదే, దానికి వెనక ఉన్న పొడి ఇసుక మాత్రం ఇళ్ళవాళ్ళదీ, వాళ్ళ సంఘానిదీ. పొడి ఇసుక దాటకుండా తడి ఇసుక దగ్గరికి ఎవరైనా ఎలా చేరతారు? గాల్లోంచి దిగలేరు కదా. అందుకని సంఘం చేతిలోని పొడి ఇసుక మీదుగా నడిచే హక్కు, దాని మీద కూర్చునే హక్కు కూడా జనానికి ఉంటుందని కోర్టు తేల్చింది. నీళ్ళు జనానివి అని ఒప్పుకున్నాక అక్కడికి పోయే తోవ కూడా జనానిదే అవుతుందన్న ఈ తర్కాన్ని శ్రోతలు గుర్తుపెట్టుకోవాలి. బొల్లారానికి కావలసింది ఇదే.

మన దేశానికి వద్దాం. 1981 నవంబరులో ప్రధాని ఇందిరాగాంధీ తీరప్రాంత రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఒక లేఖ రాశారు. పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్ళు చేరే చోటు నుంచి 500 మీటర్ల దాకా బీచ్‌లను ఖాళీగా ఉంచండి అని ఆ లేఖ సారాంశం. అప్పటికి ఆవిడ మన మెదక్ నుంచే లోక్‌సభ సభ్యురాలు. ఈ పటాన్‌చెరు, బొల్లారం అన్నీ అప్పటి మెదక్ జిల్లాలోవే. ఆ లేఖ చెప్పిన మాటే పదేళ్ళ తర్వాత, 1991 ఫిబ్రవరి 19న, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద తీరప్రాంత నియంత్రణ మండలం, అంటే సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ అయింది. దాన్ని 2011లో ఒకసారి, 2019 జనవరిలో మరోసారి మార్చి రాశారు. ప్రతిసారీ కొంత సడలించారు. మొదట గ్రామీణ తీరాల్లో 200 మీటర్ల దాకా కొత్త కట్టడం కూడదన్నారు. జనసాంద్రత ఎక్కువున్న చోట అది ఇప్పుడు 50 మీటర్లకు దిగింది.

ఆ నోటిఫికేషన్‌లో చాలామంది కంటపడని ఒక షరతు ఉంది. బీచ్ పక్కన హోటళ్ళు, రిసార్టులు కట్టుకునేటప్పుడు ఏ రెండింటి మధ్యనైనా కనీసం 20 మీటర్ల వెడల్పు ఖాళీ వదలాలని అందులో ఉంది. ఎందుకంటే జనం బీచ్‌కు పోవడానికి. గీత గీసి ఊరుకోకుండా మనిషి నడిచే దారికి కొలత కూడా పెట్టారు. ఎన్ని చోట్ల అమలవుతోందంటే చెప్పుకోలేం. కానీ కాగితం మీద ఉంది కాబట్టి ఆ కాగితం పట్టుకుని అడగొచ్చు.

దారి మూసేస్తే ఏమవుతుందో నెల్లూరు తీరంలో చూశాం. 1990ల్లో రొయ్యల చెరువులు తీరం పొడుగునా వచ్చిపడ్డాయి. ఆ చెరువుల గట్లు అడ్డొచ్చి మత్స్యకారులు పడవల దగ్గరికి పోవడానికే చుట్టు తిరిగి పోవాల్సొచ్చింది. తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు సీఆర్‌జెడ్ పరిధిలోని రొయ్యల చెరువులను తీసేయమంది. ఆ తీర్పును పక్కకు నెట్టేలా 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. భీమిలి తీరంలో సీఆర్‌జెడ్‌ను మీరి కట్టిన కాంక్రీటు గోడ విషయం 2024లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా పోయి, ఆ గోడ కూల్చే దాకా వచ్చింది. ఒకచోట గెలుపు, ఒకచోట ఓటమి. కాని పోట్లాడటానికి సముద్రం దగ్గర ఒక ఆధారమైతే ఉంది.

అదే 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఒక హోటలు కేసు తేలుస్తూ, ధర్మకర్త సూత్రం మన దేశపు చట్టంలో భాగమేనని చెప్పింది. ఆ సూత్రాన్ని తెలుగు నేల మీదికి తెచ్చింది తిరుపతి జనం. తిరుపతి పక్కన అవిలాల చెరువు, పేరూరు చెరువు ఉన్నాయి. 1991లో పేరూరు చెరువు నేల 150 ఎకరాలు, 1994లో అవిలాల చెరువు నేల 90 ఎకరాలు ఇళ్ళ కోసం ప్రభుత్వమే జీవోలిచ్చి కట్టబెట్టింది. ఇంటలెక్చువల్స్ ఫోరం అనే స్థానిక సంఘం కోర్టుకు పోయింది. హైకోర్టులో ఓడిపోయింది. సుప్రీంకోర్టులో 2006 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది: చెరువులు ప్రజల తరఫున ప్రభుత్వం చేతిలో ఉన్నవే, ఇళ్ళు అవసరమే గానీ అందుకని చెరువును పూడ్చడం తగదు, ఇక కొత్త కట్టడాలు కూడవు. అప్పటికే లేచిన ఇళ్ళ జోలికి పోకుండా వాననీటిని పట్టే ఏర్పాట్లు చేయమంది. చెరువు కోసం పదేళ్ళకు పైగా కోర్టుల చుట్టూ తిరిగిన ఆ సంఘానికి మనమంతా రుణపడి ఉన్నాం. ఆ తీర్పు లేకుంటే ఈ రోజు మన చెరువుల గురించి మాట్లాడేటప్పుడు చేతిలో ఏమీ ఉండేది కాదు.

ఇక మన చెరువు దగ్గరికి వద్దాం. తెలంగాణ చెరువుకు కట్ట, తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు ఉంటాయి. మత్తడి ఎంత ఎత్తుంటే ఆ ఎత్తున నీళ్ళు వెనక్కి ఎక్కడిదాకా పరుచుకుంటాయో అదే ఎఫ్‌టీఎల్. సముద్రానికి పోటు గీత ఎలాగో చెరువుకు ఇది అలాగ. నీళ్ళు నిండినప్పుడు మునిగి, తీసినప్పుడు తేలే నేల శిఖం. కొంత సర్కారీ శిఖం, కొంత పట్టా శిఖం. పట్టా శిఖం రైతు నీళ్ళు తగ్గినప్పుడు దున్నుకోవచ్చు, నీళ్ళొచ్చినప్పుడు పక్కకు తప్పుకోవాలి. నీళ్ళను ఆపే హక్కు అతనికి లేదు. ఒకే నేల మీద ఏడాదిలో కొన్నాళ్ళు రైతు, కొన్నాళ్ళు చేప, కొన్నాళ్ళు పశువుల మేత. దేన్నీ ఎవరూ గోడ కట్టి మూసుకోలేదు కాబట్టే ఇన్ని తరాలు సాగింది.

ఒడ్డు అందరిదని చెప్పడానికి మన దగ్గర కాగితాలకంటే ముందే కట్ట మైసమ్మ ఉంది. చెరువు కట్ట మీద ఆ తల్లి గుడి లేని ఊరు తెలంగాణలో అరుదు. బోనం ఎత్తుకుని ఊరంతా కట్ట మీదికి పోయేవాళ్ళు. ముదిరాజులు, గంగపుత్రులు వలలతో, చాకళ్ళు బట్టల మూటలతో, పశువుల కాపరులు మందలతో, నీరడి తూము చూడటానికి, ఎవరి దారి వాళ్ళకుండేది. బతుకమ్మ నాడు ఆడవాళ్ళు పూలు పేర్చిన పళ్ళేలు ఎత్తుకుని నీళ్ళ దాకా దిగేవాళ్ళు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల కాలనీల్లో బతుకమ్మను సిమెంటు గుంతలో, ఒక్కోచోట ప్లాస్టిక్ టబ్బులో వేసి వస్తున్నారు. చెరువు నూరు గజాల దూరంలోనే ఉన్నా సరే. మధ్యలో వెంచర్ కాంపౌండు గోడ, గేటు, గేటు దగ్గర వాచ్‌మన్. ఎవరింటికి పోవాలమ్మా అని అతను అడుగుతాడు. తంగేడు, గునుగు పేర్చిన పళ్ళెం నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి ఎవరింటికి పోవాలని జవాబు చెప్పాలి?

మన చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 2012లో వచ్చిన జీవో 168 భవన నిర్మాణ నియమాల ప్రకారం ఎఫ్‌టీఎల్ లోపల, శిఖం నేలలో కట్టడమే కూడదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ బయట 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు బఫర్ వదలాలి. చెరువులకు నీళ్ళు తెచ్చే వాగులు, నాలాలకు వెడల్పును బట్టి 9 మీటర్లో, 2 మీటర్లో వదలాలి. నీరు, భూమి, చెట్లను కాపాడే 2002 నాటి వాల్టా చట్టం ఉంది. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ఉంది. లెక్కకు చూస్తే చట్టాలకు కొదవ లేదు.

ఈ నియమాల ధ్యాసంతా ఇల్లు లేవకుండా ఆపడం మీదే ఉంది. మనిషి నీళ్ళ దాకా చేరే దారి తప్పక వదలాలన్న షరతు వీటిలో లేదు. సముద్రం దగ్గర రెండు రిసార్టుల మధ్య 20 మీటర్లు వదలమన్న షరతు లాంటిది చెరువు పక్కన రెండు వెంచర్ల మధ్య కూడా ఉండాలి కదా. అది లేని ఫలితమేమిటంటే బిల్డర్ బఫర్‌ను వదులుతాడు, వదిలి దాని చుట్టూ కంచె వేసి తన కాలనీ పార్కుగా చూపించుకుంటాడు. అమ్మేటప్పుడు లేక్ వ్యూ అంటాడు. రూలు మీరలేదు, ఒడ్డు మాత్రం ఊరికి లేకుండా పోయింది. కబ్జా కాని ఈ కబ్జాకు కేసు పెట్టడానికి సెక్షన్ దొరకడం కష్టం.

ఎఫ్‌టీఎల్ రాయిని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? మోకాలెత్తు సిమెంటు దిమ్మె. మీద రంగుతో ఎఫ్‌టీఎల్ అని రాసి, కింద ఒక నంబరు. ఆ నంబరుకు మ్యాపులో అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. రాయి ఒక చోట, పక్క రాయి యాభై అడుగులో నూరడుగులో అవతల. ఇరిగేషన్ వాళ్ళు సర్వే చేసి పాతుతారు. కొన్నాళ్ళకు మట్టి పోస్తే దిమ్మె తల మాత్రమే కనిపిస్తుంది, ఇంకొన్నాళ్ళకు అదీ కనిపించదు. మత్తడిని ఓ అడుగు చెక్కితే చాలు, నీళ్ళు ముందే పోతాయి, చెరువు చిన్నదవుతుంది, నేల తేలుతుంది. హైదరాబాద్ చుట్టూ చెరువులు చిక్కిపోయిన తీరు ఇదే. అమీన్‌పూర్ పెద్ద చెరువు కుతుబ్‌షాహీల కాలం నాటిది. ఒకప్పుడు 300 ఎకరాలంటారు, ఇప్పుడు 93 ఎకరాలు మిగిలింది. ఆ మిగిలినదానికి 2016 నవంబరులో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా దక్కింది. దేశంలో నగర ప్రాంతపు చెరువుకు ఆ హోదా రావడం అదే మొదలు. రాజహంసలు దిగే చెరువని దూరప్రాంతాల నుంచి కెమెరాలు పట్టుకుని వస్తారు. పక్షుల కోసం తెరుచుకున్న ఒడ్డు మనుషులకూ కాస్త తెరుచుకుంది. అది మంచిదే.

2024 జూలైలో చెరువుల ఆక్రమణలను తొలగించడానికి హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. ఆ సెప్టెంబరులో అమీన్‌పూర్ మండలంలో, కిష్టారెడ్డిపేటలో బుల్‌డోజర్లు దిగాయి. అదే నెలాఖరున తెలంగాణ హైకోర్టు అమీన్‌పూర్ తహసీల్దారును, హైడ్రా కమిషనర్‌ను పిలిపించి, ఆదివారం నాడు కూల్చివేతలేమిటి, జనానికి తమ మాట చెప్పుకునే గడువు ఇవ్వరా అని గట్టిగా అడిగింది. కోర్టు అడిగింది న్యాయమైన మాటే. చెరువులో కట్టిన ఇల్లు ఉండకూడదన్నది ఎంత నిజమో, ఆ ఇంటికి అనుమతి ఇచ్చిన ఆఫీసు, రిజిస్ట్రేషన్ చేసిన ఆఫీసు, లోన్ ఇచ్చిన బ్యాంకు ఏమీ జరగనట్టు ఉండటం అన్యాయమన్నదీ అంతే నిజం. ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు పనిచేసి కూడబెట్టిన డబ్బుతో నూరు గజాల ప్లాటు కొన్న మనిషినీ, శిఖం అని తెలిసీ లేఔటు వేసి అమ్ముకుని వెళ్ళిపోయిన మనిషినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటివాడికి నష్టం పూడ్చాలి, అది రెండోవాడి ఆస్తి నుంచి రాబట్టాలి. ఇది జరగనంత కాలం చెరువును కాపాడాలన్న మాట వినగానే మామూలు జనానికి భయమే కలుగుతుంది, చెరువు తమదన్న భావం కలగదు.

ఇంతవరకు గోడల సంగతి చెప్పాను. బొల్లారంలో గోడ లేకుండా కూడా ఒడ్డు పోయింది. దాని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి.

కాజిపల్లి వైపు వానాకాలంలో పోయి చూడండి. వాన పడ్డ రాత్రే నాలాల్లోకి వ్యర్థాలు వదులుతారని ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. తెల్లారేసరికి నురగ, ముక్కు పుటాలు మండే వాసన. 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి. పిల్లచేపలు వేసి, మేత వేసి, రేపోమాపో వల వేద్దామనుకున్న మత్స్యకారులు ఆ చచ్చిన చేపలను ఒడ్డుకు లాగి పూడ్చుకోవాల్సొచ్చింది. వాళ్ళకు ఒడ్డుకు దారి ఉంది, చెరువు మీద వాళ్ళ సొసైటీకి హక్కుంది. ఆ హక్కుతో ఏం చేసుకోవాలి?

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం 2007లో ఒక పరిశోధన ప్రచురించింది. పటాన్‌చెరు ఫ్యాక్టరీ వ్యర్థాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని తేలింది. మనం జ్వరానికి, ఇన్‌ఫెక్షన్‌కు వేసుకునే మందే అది. కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపడానికి కావలసినదానికంటే వెయ్యి రెట్లు ఎక్కువ. 2009లో ప్రచురించిన మరో అధ్యయనంలో ఇక్కడి రెండు చెరువుల నీళ్ళు పరీక్షించారు. వాటిలోనూ లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా అదే మందు, దానితోపాటు అలర్జీకి వాడే సెటిరిజిన్ కనిపించాయి. అంటే శుద్ధి కేంద్రం ఒక్కటే కాదు, వేరే దారుల్లోనూ వ్యర్థాలు చెరువుల్లో కలుస్తున్నాయని ఆ శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు. ఆ నీళ్ళలో బతకడం నేర్చుకున్న సూక్ష్మజీవికి రేపు ఆస్పత్రిలో ఆ మందు పనిచేయకపోవచ్చు. ఇది కేవలం ఈ ఊళ్ళ ఆపద కాదు.

ఈ కాలుష్యం మీద పోరాటం అంతకు ముందు నుంచే ఉంది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ, తన దగ్గరికొచ్చే రోగుల ఒంట్లోనే కాలుష్యాన్ని చూసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఊళ్ళను కూడగట్టారు. ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ 1990లో సుప్రీంకోర్టులో కేసు వేసింది. నక్కవాగు, ఇసుకవాగు పొడుగునా పొలాలు పాడైన రైతులకు పరిహారం ఇవ్వాలన్న విచారణలు జరిగాయి. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైంది. తర్వాత 18 కిలోమీటర్ల పైపులైను వేసి ఆ నీళ్ళను నగరం మురుగు కాలువలో కలిపి అంబర్‌పేట పంపారు. మంజీరా వైపు పోయే విషం మూసీ వైపు మళ్ళింది, ఇక మూసీ ఒడ్డువాళ్ళ ఆందోళన మొదలైంది. కేసు 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు బదిలీ అయింది, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయింది, 2017 అక్టోబరులో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్ళు. కేసు వేసిన ఏడు పుట్టిన పిల్ల పెళ్ళయి తల్లయి ఉంటుంది. ఆ పిల్ల ఒక్కసారైనా ఆ నీళ్ళలో కాలు తడపగలిగిందా?

అందుకే ఈ ప్రాంతంలో ఒడ్డు హక్కు గురించి మాట్లాడేటప్పుడు కాలుష్యాన్ని వేరే విషయంగా చూడకూడదని నా అభిప్రాయం. ప్లాటుగా మార్చినవాడు ఒడ్డును ఎలా ఆక్రమించాడో, పైపు పెట్టి వదిలినవాడూ అలాగే ఆక్రమించాడు. ఒకడి నుంచి ఎకరాలు వెనక్కి తీసుకోవచ్చు. రెండోవాడు పట్టుకున్నది మాత్రం చెరువు మొత్తం, దాని కింది భూగర్భ జలం, చుట్టుపక్కల బావులు. ధర్మకర్త సూత్రాన్ని కోర్టులు కట్టడాల కేసుల్లో ఎంత గట్టిగా వాడాయో వ్యర్థాల కేసుల్లోనూ అంతే గట్టిగా వాడాలి. ఉపాధి పోతుందని భయపెట్టే మాట మనం చాలాసార్లు విన్నాం. ఫ్యాక్టరీలు పోవాలని ఇక్కడ ఎవరూ కోరడం లేదు. వాటిలో పనిచేసేది మనవాళ్ళే. ఆ పనివాడికి ఆదివారం సాయంత్రం పిల్లను పక్కన కూర్చోబెట్టుకునేందుకు వాసన రాని గట్టు ఒకటి కావాలని అడుగుతున్నాం. పాడుచేసినవాడే శుభ్రం చేసే ఖర్చు పెట్టాలన్న నియమం మన చట్టంలో ఉన్నదే.

ప్రభుత్వం చేయదగ్గది పెద్ద పనేమీ కాదు. భవన నిర్మాణ నియమాల్లో ఒక్క వాక్యం చేర్చాలి. చెరువును ఆనుకుని వేసే ప్రతి లేఔటులో రోడ్డు నుంచి గట్టు దాకా గేటు లేని బాట వదలాలి, అది మున్సిపాలిటీకి రాసివ్వాలి, దాని సర్వే హద్దులు లేఔటు మ్యాపులో చూపాలి. పాత లేఔటుల్లో బఫర్ చుట్టూ కంచె వేసిన చోట ఆ కంచెలో దారి తెరిపించాలి. ఆ బాట మీద టికెట్టు ఉండకూడదు. ఉన్నా, కాలనీవాళ్ళకు ఒకటి, బయటివాళ్ళకు ఒకటి ఉండకూడదు.

మనం చేయగలిగింది ఒకటుంది. ప్రతి గ్రామానికీ పాత నక్షా ఉంటుంది. అందులో చెరువు, శిఖం సర్వే నంబర్లతోపాటు బండ్ల బాటలు, కాలిబాటలు చుక్కల గీతలుగా వేసి ఉంటాయి. చెరువు దగ్గరికి పోయే బాట ఇప్పుడు ఏ గోడ కింద ఉందో ఆ నక్షా చెబుతుంది. సమాచార హక్కు చట్టం కింద తహసీల్దారు ఆఫీసులో మూడు కాగితాలు అడగండి: గ్రామ నక్షా నకలు, చెరువు శిఖం సర్వే నంబర్ల పాత పహాణీలు, ఎఫ్‌టీఎల్ మ్యాపు. మ్యాపు తమ దగ్గర లేదంటే దరఖాస్తును ఇరిగేషన్ శాఖకు బదిలీ చేయాల్సిన బాధ్యత వాళ్ళదే. కాలుష్య నియంత్రణ మండలికి ఇంకో దరఖాస్తు పెట్టి, మీ చెరువు నీళ్ళ పరీక్ష ఫలితాలు అడగండి. దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, పై స్థాయిలో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఆ శాఖలోనే పై అధికారికి మొదటి అప్పీలు వేయొచ్చు. నక్షా చేతికి వచ్చాక కాలనీ సంఘం, మత్స్యకారుల సొసైటీ, బతుకమ్మ ఆడే ఆడవాళ్ళు కలిసి సంతకాలు పెట్టి మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వండి. బాట ఏ సర్వే నంబరు మీదుగా పోతుందో, ఎన్ని గజాల వెడల్పుందో ఆ కాగితంలో రాయడం మరిచిపోకండి.